లండన్ ఉత్తరానికి నా తెలుగు

తరన్నుమ్ నా నెట్ సెంటర్‌లోకి మొదటిసారి వచ్చింది నన్ను దొంగ అనడానికి. అంత మాట నోటితో అనలేదు లెండి. మా ఏలూరు వాళ్ళం తిట్టేటప్పుడు కూడా చివర 'అండీ' చేర్చి తిడతాం. తిన్నవాడికి అది తిట్టని ఇంటికెళ్ళి చెప్పులు విప్పాక గానీ తెలియదు.

అది 2008, జూలై నెల. వట్లూరు కాలేజీ రోడ్డులో ఆరు కంప్యూటర్లు, వాటి చుట్టూ ఆరు ప్లైవుడ్ గదులు పెట్టుకుని 'షాబాజ్ గ్లోబల్ నెట్' అని బోర్డు కట్టుకున్నాను. షాబాజ్ అంటే నేనే. గ్లోబల్ అంటే ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. నా వ్యాపారం ఆ రోడ్డు చివర జిరాక్స్ షాపు దాకా కూడా పాకలేదు.

ఆమె వెనకాల ఇంటర్ చదివే కుర్రాడొకడు తల దించుకుని నిలబడ్డాడు. పేరు గోపీనాథ్, చింతలపూడి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు.

"ఏవండీ, ఈ సెంటరు మీదేనా?"

"అద్దె కట్టే రోజున నాదేనండి."

"వీణ్ని గుర్తుపట్టారా?"

"మూడో నంబరు సిస్టం. చిల్లర ఎప్పుడూ అడగడు."

"వీడికి ఇంగ్లండు లాటరీలో ఐదు లక్షల పౌండ్లు తగిలాయట. వాటిని విడిపించుకోవడానికి హాస్టలు ఫీజు నాలుగు వేలూ ఎవడి అకౌంట్లోనో కట్టేశాడు. ఆ మెయిలు మీ కంప్యూటర్లో చదివాడు. ఆ అకౌంటు నంబరు మీ ప్రింటర్లో తీశాడు. పేజీకి రెండు రూపాయలు మీరే పుచ్చుకున్నారండి."

"మేడం, బస్సులో జేబు కొట్టేస్తే డ్రైవర్ని పట్టుకుంటారా?"

"పట్టుకోనండి. జేబుదొంగని డ్రైవరు రోజూ అద్దంలో చూస్తూ పాటలు పెట్టుకుంటే మాత్రం పట్టుకుంటాను."

నాకు వెటకారం వచ్చని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. ఆ రోజు అది నన్ను వదిలేసి వెళ్ళిపోయింది.

ఆమె వాడు చదివే కాలేజీకి కొత్తగా వచ్చిన కంప్యూటర్ లెక్చరరు. అంతకుముందు రెండేళ్ళు తాడేపల్లిగూడెంలో చెప్పిందట. గూడెం పిల్లలు బతికిపోయారు అనుకున్నాను.

"శనివారం రెండింటికి ఈ మోసాల మీద క్లాసు పెడుతున్నాను. మీరూ రండి. రోజూ ఇవన్నీ కళ్ళారా చూసేది మీరే కదా."

"నాకేమిస్తారండి?"

"చాక్‌పీసు."

వెళ్ళాను. ఆమె కళ్ళ గురించి ఇక్కడ ఓ పేజీ రాయగలను కానీ రాయను. కోపం వస్తే కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుందని మాత్రం చెబుతాను. ఆ తర్వాత మూడు నెలలు నేను చేసిన పనులన్నీ ఆ కనుబొమ్మని లేపడం కోసమే చేశాను.

మొదటి క్లాసు ఎంత ఘనంగా జరిగిందంటే ముప్పై మంది పిల్లలూ ముప్పై నోట్సులు రాసుకున్నారు. 'తెలియనివారి మెయిళ్ళకు జవాబు ఇవ్వరాదు' అని ఆమె చెబితే, ఎర్ర పెన్నుతో కింద గీత కూడా కొట్టారు.

గోపీనాథ్ చెయ్యెత్తాడు. "మేడం, ఇది రెండు మార్కులకొస్తుందాండి, నాలుగు మార్కులకా?"

నాలుగు వేలు పోగొట్టుకున్నవాడు అడగాల్సిన ప్రశ్నే.

క్లాసయ్యాక ఆమె చాక్‌పీసు పొడి దులుపుకుంటూ కిటికీ దగ్గర నిలబడింది. ఏడవలేదు కానీ ఇంకో నిమిషం చాలేట్టుంది. నాకు ఆ క్షణంలో ఆమె మీద జాలి కలగలేదు. ప్రేమ కలిగింది. రెండింటికీ తేడా తెలిసే వయసే నాది, ఇరవై ఆరు.

"నీతులు చెబితే రాసుకుంటారండి. రాసుకున్నాక మర్చిపోవచ్చని వాళ్ళ ధైర్యం," అన్నాను.

"మరి మీరైతే ఏం చేస్తారు?"

"వాళ్ళచేతే మోసపు ఉత్తరాలు రాయిస్తాను. ఇంట్లో ఒక్కళ్ళని ఎంచుకోవాలి. వాళ్ళు ఆగలేక డబ్బు పంపేసేలాంటి ఉత్తరం రాయాలి."

కుడి కనుబొమ్మ లేచింది. కాసేపటికి దిగింది. "బాగుంది," అంది. అంత పొదుపుగా మెచ్చుకునేవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు.

ప్రిన్సిపాల్ సూర్యప్రకాశరావు గారికి ఈ సంగతి తెలిసి ఆమెని పిలిపించారు. "ఏమ్మా, మన కాలేజీలో మోసం చెయ్యడం నేర్పుతున్నారటగా?"

"మోసపోకుండా ఉండటం నేర్పుతున్నామండి."

ఆయన కాసేపు ఆలోచించి, "పాస్ పర్సంటేజీ ఎంతుంటుంది?" అని అడిగారు.

పిల్లలు రాసుకొచ్చిన ఉత్తరాలు చూస్తే నాకు వాళ్ళ తల్లిదండ్రుల గురించి భయమేసింది. గోపీనాథ్ వాళ్ళ నానమ్మ మంగాయమ్మకి రాశాడు. పామాయిల్ తోటకి డ్రిప్పు పైపులు ఉచితం, దరఖాస్తుకి మూడొందలు చాలు. గుల్షన్ అనే అమ్మాయి వాళ్ళ అక్కకి సౌదీలో నర్సు ఉద్యోగం ఇచ్చేసి, మెడికల్ టెస్టు పేరుతో రెండు వేలు లాగింది.

అఖిల లేచింది. ఆమెది కొల్లేరులో ఓ లంక ఊరు. రెండేళ్ళ కిందట సర్కారువారు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు వాళ్ళ చెరువూ పోయింది.

"'పరిహారం జాబితాలో మీ పేరు నూట పదకొండో నంబరు. ఫైలు కదలడానికి ఐదొందలు కట్టగలరు.' అంతేనండి," అని చదివి కూర్చుంది.

ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మా నాన్న ఇది చూస్తే అప్పుచేసైనా కట్టేస్తారు మేడం," అంది.

తరన్నుమ్ ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసింది. "ఇవాళ ఇంటికెళ్ళి ఇది ఆయనకే చదివి వినిపించు. వినిపించాక నువ్వే రాశావని చెప్పు."

అలా శనివారాలు సాగాయి. పిల్లలు తెలివిమీరారు. నాకూ పేరొచ్చింది. మోసాల నిపుణుణ్ణి కాబట్టి రోడ్డు మీద నడుస్తుంటే 'సార్' అని పిలిచేవాళ్ళు. ఆ నిపుణుడు ఆదివారాలు ఏం చేసేవాడో ఇప్పుడు చెబుతాను.

తరన్నుమ్ వాళ్ళ నాన్న అబ్దుల్ సలాం గారు తంగెళ్ళమూడిలో తివాచీలు నేయిస్తారు. ఒకప్పుడు ఆ సందులో ఇంటింటా మగ్గముండేది. ఇప్పుడు మిగిలినవి మూడు, మూడూ ఆయనవే. మంచి అల్లుడు అనిపించుకోవాలంటే ముందు మంచివాడు అనిపించుకోవాలి కదా. ఆయన తివాచీలకు ఫొటోలు తీసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా పేజీ తయారుచేసి పెట్టాను. ఆయన పేరు మీద ఈమెయిలు తెరిచాను.

రెండు వారాల్లో లండన్ నుంచి మెయిలు వచ్చింది. నలభై కావాలట. నేను ఎగిరి గంతేశాను. నా పేజీ చూసే కదా వచ్చింది.

పెద్దాయనకి ఇంగ్లీషు రాదు. కాయితం పట్టుకెళ్ళి మగ్గాల షెడ్డులో కూర్చుని తెలుగులో చదివి వినిపించాను.

"అమ్మాయికి చెప్పకు బాబూ," అన్నారు. "దానికి ఈ మధ్య ఆ క్లాసు పిచ్చి పట్టింది. పాలవాడు కొలిచి పోసినా మోసమంటోంది. ఆర్డరు ఖాయమయ్యాక నేనే చెబుతాను."

"అలాగే చాచా," అన్నాను. ఎంత విధేయుణ్ణో చూడండి.

అప్పట్నించి ప్రతి ఆదివారం కొత్త మెయిలు, ప్రతి ఆదివారం నా రాక. షెడ్డులో తివాచీ పరిచి కూర్చోబెట్టేవారు. గుమ్మంలోంచి ఆమె చాయ్ తెచ్చేది.

"మా అబ్బాతో మీకేం పనండి?" అని ఓసారి అడిగింది.

"తివాచీ కొందామని."

"ఆ ప్లాస్టిక్ కుర్చీల కిందకా?"

"కస్టమర్లు గౌరవంగా ఫీలవుతారు."

"ముందు ఫ్యాను బాగుచేయించండి. చల్లగా ఫీలవుతారు." నవ్వుతూనే లోపలికెళ్ళింది. నేను ఎందుకొస్తున్నానో తనకి తెలుసని ఆ నవ్వు చెప్పింది. సగమే తెలుసని నాకు తెలుసు.

అక్టోబరు మూడో శనివారం. నా సెంటర్లో పోగుచేసిన నిజమైన మోసపు మెయిళ్ళు పాతిక దాకా ప్రింటు తీసి పిల్లలకి పంచాం. వీటన్నిటిలో కలిసేదేమిటో చెప్పమని తరన్నుమ్ అడిగింది. బయట వాన మొదలైంది.

తప్పుల ఇంగ్లీషు అన్నాడొకడు. డబ్బు ముందు కట్టమంటారు అంది గుల్షన్.

అఖిల మాత్రం నాలుగు కాయితాలు పక్కపక్కన పరుచుకుని చాలాసేపు చూసింది. "మేడం, వీటిల్లో మన సంగతి ఏమీ లేదండి. 'మీ సరుకు' అంటాడు. ఏం సరుకో అనడు. చేపలమ్మేవాడికి పంపినా సరిపోతుంది, ఇటుకలమ్మేవాడికి పంపినా సరిపోతుంది. మా నాన్న దగ్గర నిజంగా చేపలు కొనేవాడైతే రాగానే బొచ్చెలా, శీలావతులా, కిలో ఎన్ని తూగుతాయి అని అడుగుతాడు."

నా చొక్కా జేబులో ఆ వారం లండన్ మెయిలు ఉంది. మర్నాటికని మడిచి పెట్టుకున్నది. నవ్వుతూ తీశాను, మా లండన్‌వాడు అలా కాదని నాకు నేను చూపించుకుందామని.

'మీ సరుకు' అని ఉంది. పై నుంచి కిందికి ఐదుసార్లు ఉంది. తివాచీ అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

అయితే పెద్దాయనకి ఆరు వారాలుగా నేను చదివి వినిపించిన తివాచీల ఉత్తరాలు ఎక్కడివి? నావే. 'మీ సరుకు నచ్చింది' అని ఉంటే, 'మీ పూర్వీకుల చేతిపనితనం చూసి ముగ్ధులమయ్యాం' అని చదివాను. ఆయన మొహం వెలిగేది. మరో చాయ్ వచ్చేది. ఆ చాయ్ కోసం మరో వాక్యం చేర్చేవాణ్ణి. వచ్చీరాని ఇంగ్లీషుని తీసేసి మంచి తెలుగు పెట్టాను. దొంగ చేతకాక వదిలేసిన పనంతా నేను పూర్తిచేశాను.

సోమవారం ఉదయం ఆయన లండన్‌వాడు చెప్పిన షిప్పింగ్ ఏజెంటు పేరుతో ఉన్న ఢిల్లీ అకౌంటులో ముప్పై ఎనిమిది వేలు కట్టబోతున్నారు. ఏడాదికి సరిపడా ఉన్ని కొనడానికి దాచిన డబ్బు అది. అది పోతే మూడు మగ్గాలూ ఆగిపోతాయి.

పిల్లలు వెళ్ళాక వరండాలో ఆమెకి కాయితం ఇచ్చి అంతా చెప్పాను. చూరు నీళ్ళు మా ఇద్దరి మధ్యా పడుతున్నాయి. వానలో అమ్మాయితో ఒంటరిగా నిలబడాలని మూడు నెలలుగా కలలు కన్నాను. కలలో నన్ను ఇలా చూడలేదు ఆమె.

ఈసారి కనుబొమ్మ లేవలేదు. దానికే భయమేసింది.

"మీరు చేసింది తర్జుమానా, అలంకారమా?"

"రెండూనండి."

"శనివారం నా పిల్లలకి జాగ్రత్తలు చెప్పి, ఆదివారం మా ఇంట్లో కూర్చుని..." ఆగిపోయింది. "ఎందుకండీ?"

"ఉత్తరాలు ఆగిపోతే మీ ఇంటికి రావడానికి వంక ఉండదని."

"నేను చెబితే అబ్బా నమ్మరు. నా క్లాసు పిచ్చి అంటారు. రేపు మీరే చెప్పండి. చెప్పాక మా గుమ్మంలో కనపడకండి."

గొడుగు కూడా తెరవకుండా వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు అని రాస్తే కథలా ఉంటుంది. పట్టింది. పొద్దున్నే లేవగానే గుర్తొచ్చింది, అది ఇంకా కష్టం.

షెడ్డులో పెద్దాయన ఎప్పట్లాగే తివాచీ పరిచారు. నేను కూర్చోలేదు. మగ్గం మీద ఇద్దరు నేతగాళ్ళు పని చేసుకుంటున్నారు.

"చాచా, ఇది మోసమండి. డబ్బు కట్టొద్దు."

ఆయన నవ్వారు. "అమ్మాయి నీకూ అంటించిందా బాబూ? మోసగాడైతే తివాచీ ముడుల లెక్క అడుగుతాడా?"

"ఓసారి మళ్ళీ చదువుతానండి. ఉన్నది ఉన్నట్టు."

చదివాను. "'ప్రియమైన అయ్యా లేక అమ్మా. మీ సరుకు మీద మాకు ఆసక్తి కలదు. మీ సరుకు నలభై కావలెను. మీ సరుకు వెంటనే పంపుటకు మా ఏజెంటుకి డబ్బు కట్టి, మీ అకౌంటు నంబరు తెలుపగలరు.' ఇంతేనండి."

"అయ్యా లేక అమ్మా ఏమిటి? నా పేరు పెట్టి రాశాడన్నావు?"

"మీ పేరు నేను పెట్టానండి."

"పూర్వీకుల చేతిపని?"

"అదీ నేనేనండి."

"అంగుళానికి ముడులెన్ని అని అడిగాడు కదా?"

"మీరు ఆ ప్రశ్న ఇష్టపడతారని... నేనే అడిగానండి."

మగ్గం మీద పోగులు బిగించే దువ్వెన దెబ్బలు ఆగిపోయాయి. పెద్దాయన లేచి, మూలనున్న గంపలోంచి జానెడు తివాచీ ముక్క తీశారు.

"ఎర్ర రంగు ఉతికితే దిగుతుందా అని అడిగాడన్నావు. నాలుగుసార్లు ఉతికి ఆరేశాను. దిగలేదని నువ్వు రాశావు. చాలా సంతోషించారన్నావు."

"అకౌంటు నంబరు మళ్ళీ అడిగారండి. సంతోషం నాది."

ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

"నలభై ఏళ్ళు అమ్మాను," అన్నారు మెల్లగా. "అసలు కొనేవాడు ముందు తిరగేసి చూస్తాడు. వెనకవైపు ముడులు లెక్కపెడతాడు. అంచు వంకరంటాడు, ఇక్కడ నూలు తేలిందంటాడు. వంద తప్పులు పడతాడు. బాగుంది బాగుంది అనేవాడు కొనకుండా పోతాడు. అంతా తెలిసీ, బాగుంది అంటుంటే వింటూ కూర్చున్నాను."

"తప్పు నాదండి."

"ఆ ఉత్తరం రాసినవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు బాబూ. నన్ను నమ్మించినవాడు మాత్రం ఇక్కడ కూర్చుని నా ఇంట్లో చాయ్ తాగాడు. ఎందుకు చేశావు?"

గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. ఆమె ఎప్పట్నించి అక్కడుందో తెలియదు. అబద్ధానికి అప్పటికప్పుడు నాలుగు మంచి వాక్యాలు తట్టాయి నాకు. నా తెలివి అలాంటిది. నాలుగూ వదిలేశాను.

"మీ అమ్మాయిని చూడటానికండి. ఉత్తరం లేకపోతే రానివ్వరని ఉత్తరాన్ని బాగుచేసుకుంటూ పోయాను. తరన్నుమ్ గారంటే నాకు ప్రాణం."

నేతగాళ్ళిద్దరూ మగ్గం వెనక తల దాచుకున్నారు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఇందులో నువ్వు చేర్చిందేమైనా ఉందా?"

"లేదండి. కొంత తగ్గించే చెప్పాను."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. వెళ్ళిపొమ్మన్నట్టే ఉంది. చెప్పుల కోసం వెనక్కి తిరిగాను. నా జీవితంలో అంత పొడుగు షెడ్డు చూడలేదు.

"అబ్బా," అంది ఆమె వెనక నుంచి. నాతో కాదు, ఆయనతోనే. "ఈయన మాట్లాడితే వెటకారం. క్లాసుకి ఒక్కరోజూ టైముకి రాలేదు."

నేను ఆగిపోయాను.

"జేబులో మూడు పెన్నులుంటాయి. ఒక్కటీ రాయదు. ఆ సెంటరు మీద నెలకి ఎంత మిగులుతుందో అడిగితే కవిత్వం చెబుతారు. దాంతో ఇల్లెలా నడుస్తుంది?"

"నాలుగు వేలు మిగులుతుందండి," అన్నాను. "వానాకాలం మూడు."

"మూడు," అంది, తండ్రితోనే. "పైగా నేను ఉద్యోగం మాననని, శనివారం క్లాసు ఆపనని ఈయనకి ముందే తెలియాలి. చొక్కా చూడండి, గుండీలు ఒకటి ఎగువ, ఒకటి దిగువ."

చూసుకున్నాను. నిజమే. పొద్దున్న కంగారులో వేసుకున్నాను.

కుడి కనుబొమ్మ ఆకాశంలో ఉంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. అబ్దుల్ సలాం గారు కూతురి వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ కూతురి వంక చూశారు. చేతిలో ముక్కని గంపలో పడేసి, తివాచీ అంచు కాలితో సరిచేశారు.

"వెళ్ళకు బాబూ, కూర్చో," అన్నారు. "తిరగేసి చూస్తోంది. కొనేటట్టే ఉంది."